పెన్ డ్రైవు నుండి మేలుకొనని కంప్యూటరు



2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణముగా అందుచుండిన రక్షణ సవరణలను మైక్రోసాఫ్టు సంస్థ నిలిపివేసిన పిమ్మట, హైదరాబాదులోని తార్నాక కూడలి మొదలుకొని లాలాపేట వఱకును, ఇటు ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతి గృహముల వఱకును, గదులలో కూర్చుండి పోటీ పరీక్షలకు చదువుకొనుచున్న యువతీయువకుల పాత ల్యాప్‌టాపులకు ఒక చిక్కు వచ్చిపడినది. వానిలో పెక్కింటికి విండోస్ 11 పొందు అర్హత లేదు, టీపీఎం 2.0 అను రక్షణ సాధనము ఉండవలెననియు, ప్రాసెసరు ఇంటెల్ వారిదైనచో దాదాపుగా ఎనిమిదవ తరమునకు తక్కువ కారాదనియు దానికి నియమములు కలవు. యంత్రము చెడలేదు, కీలు విఱుగలేదు, బ్యాటరీ గంటయో గంటన్నరయో నిలుచుచునే యున్నది. అట్టి దానిని పాఱవేయుటకు మనసొప్పక, లినక్స్ కుటుంబమునకు చెందిన ఉబుంటూనో మింట్‌నో డెబియన్‌నో ఉచితముగా దింపుకొని, పెన్ డ్రైవులోనికి ఎక్కించి, దానితో యంత్రమును మేల్కొలుపబూనిన విద్యార్థికి తఱచుగా ఎదురగు అనుభవ మేమనగా, పెన్ డ్రైవు దీపము ఒకమాఱు మినుకుమనుటయు, యంత్రము దాని నెన్నడు నెఱుగనట్లు పాత విండోస్‌నే తెచ్చి తెఱపై నిలుపుటయు. నేటి ప్రసంగము ఆ చిక్కును గుఱించినది. నడుమ కొన్ని కీల పేర్లు చెప్పవలసి వచ్చును గనుక, కాగితమును కలమును దగ్గఱ నుంచుకొనుడు.

విద్యుత్తు ప్రవేశించిన క్షణమున కంప్యూటరు స్థితి యెట్టిదో ముందుగా తెలిసికొనవలయును. అప్పుడు దాని ప్రధాన స్మృతి శూన్యము. చేయవలసిన పని యేదియు అందులో లేదు. లాలాపేట దాటి మౌలాలి మీదుగా పోయినచో వచ్చు ఈసీఐఎల్, అనగా 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, ఒకానొక కాలమున టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసెడిది. ట్రాంబేలోని అణుశక్తి శాస్త్రజ్ఞులు రూపొందింపగా 1969లో వెలువడిన ఆ యంత్రము, ఈ దేశమున స్వయముగా నిర్మింపబడిన తొలితరపు కంప్యూటర్లలో నొకటి. ఆ తరపు చిన్న కంప్యూటర్లను మేల్కొలుపుట సామాన్యముగా మనుష్యుని చేతిపని: ముందు ఫలకముపై వరుసగా నమర్చిన మీటలను పైకిని క్రిందికిని త్రిప్పి, ఒక్కొక్క ఆదేశమును స్మృతిలోని ఒక్కొక్క గడిలో ప్రవేశపెట్టి, ఆ పిడికెడు ఆదేశముల సాయమున కాగితపు పట్టీపైని రంధ్రములను చదివించి, అటుపిమ్మట ఆ పట్టీనుండి వచ్చిన పెద్ద ప్రోగ్రామునకు అధికారమును అప్పగించెడివారు. నేడు మీటలు త్రిప్పు ఆ పనిని మదర్ బోర్డుపై నొక చిన్న చిప్పులో వ్రాసియుంచిన ప్రోగ్రాము చేయుచున్నది. 1981లో ఐబీఎం పీసీతో బయలుదేరి లోకమంతట వ్యాపించిన దానిపేరు బయాస్; దాని స్థానమును ఇప్పుడు ఆక్రమించిన దానిపేరు యూఈఎఫ్ఐ. జనులు రెంటిని బయాస్ అనియే పిలుతురు; అవసరము లేనిచోట నేనును వానిని వేఱుచేయను.

1893లో వెలసిన లాలాగూడ రైల్వే కార్ఖానా పరిసరములలో, రైలు కూతల నడుమ పెరిగిన పెద్దలకు, ఒంటి లైనుపై డ్రైవరు చేతికి టోకెను అందనిదే బండి స్టేషను దాటరాదను పాత నియమము తెలిసియే యుండును. కంప్యూటరు మేలుకొనుటయు నట్టిదే. చిప్పులోని ప్రోగ్రాము తొలుత అవయవములను పరీక్షించి, పెన్ డ్రైవులో నున్న బూట్ లోడరు అను చిన్న ప్రోగ్రామునకు అధికారము నిచ్చును. అది కెర్నెల్ అను మూలభాగమును స్మృతిలోనికి తెచ్చి, తన అధికారమును దాని కప్పగించి తప్పుకొనును. కెర్నెల్ ఇన్‌స్టాలరును లేపును. టోకెను ఎవరి చేతిలో ఆగిపోయినదో కనుగొన్నచో చిక్కులో సగము విడిపోయినట్లే. అది కనుగొనకయే, ఎవరో చెప్పిరని బయాస్‌లోని అమరికలన్నిటిని ఒక్కపెట్టున మార్చివేయువారు, ఉన్న చిక్కునకు మఱి రెండింటిని తామే సమకూర్చుకొందురు. నా యనుభవమున, మరమ్మతుకై వచ్చు యంత్రములలో మూలదోషముకంటె ఇట్లు చేతులార తెచ్చుకొన్న దోషములను సవరించుటకే యెక్కువ కాలము పట్టుచున్నది.

కావున తెఱపై వచ్చిన వాక్యమును చదువుడు. చదివి వ్రాసికొనుడు, లేదా ఫోనుతో ఫొటో తీసికొనుడు. ఆధునిక శాస్త్రములన్నిటిని ఉర్దూ మాధ్యమమున బోధింప సంకల్పించి, అందులకై ఒక అనువాద శాఖనే నెలకొల్పుకొని, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ముంగిట, నేటికిని ఈ యంత్రములు తమ బాధను ఆంగ్లములోనే చెప్పుకొనుచుండుట విచారకరమే. తెలుగు మాధ్యమమున చదివివచ్చిన విద్యార్థి ఆ నల్లని తెఱపైని తెల్లని అక్షరములను చూచి, అది తనకు సంబంధించినది కాదని పవరు బొత్తామును నొక్కివేయుట నేను పలుమాఱులు చూచితిని. ‘నో బూటబుల్ డివైస్’ అనిన నొక అర్థము, ‘సెక్యూరిటీ వయొలేషన్’ అనిన వేఱొక అర్థము, ఏమియు రాక విండోస్ వచ్చిన మఱియొక అర్థము, ఇన్‌స్టాలరు పట్టిక వచ్చి తరువాత తెఱ నల్లబడిన పూర్తిగా భిన్నమైన అర్థము. వీనికి మందు లొకటి కావు.

వాక్యమును చదివిన పిమ్మట చేయవలసిన పరీక్ష యొకటి కలదు; దీనికి ఖర్చు లేదు, నేర్పు నక్కఱలేదు, అయినను పదిమందిలో ఒక్కరైనను చేయుట అరుదు. అదే పెన్ డ్రైవును ప్రక్కగది మిత్రుని కంప్యూటరునకు పెట్టి చూచుట. అచ్చట మేలుకొన్నచో పెన్ డ్రైవు మంచిదే, దోషము మన యంత్రములోనిది. అచ్చటను మేలుకొననిచో, మన యంత్రపు అమరికలను తాకవలసిన పనియే లేదు, పెన్ డ్రైవును మరల సిద్ధము చేసికొనవలయును. ఇన్‌స్టాల్ అను మాటను నొక్కనంతవఱకు మిత్రుని కంప్యూటరులోని సమాచారమునకు హాని లేదు గనుక, అతడు జంకవలసిన యవసరము లేదు.

దోషము పెన్ డ్రైవునందే యున్నదనుకొందము. దానికి మిక్కిలి సాధారణమైన హేతువు, దింపుకొన్న ఐఎస్ఓ ఫైలును, ఒక పాటనో ఫొటోనో కాపీ చేసినట్లు, దానిలోనికి కాపీ చేసి ఊరకుండుట. ఐఎస్ఓ అనునది ఒక డిస్కు యొక్క సంపూర్ణ ప్రతిబింబము. అందులోని అమరిక యథాతథముగా పెన్ డ్రైవుపై పరచబడినప్పుడే బయాస్‌కు అది కనబడును, లేనిచో అది ఒక పెద్ద ఫైలుగా పడియుండును. ఈ పనికి రూఫస్, ఎచర్ వంటి సాధనములు కలవు. పీట్ బటార్డ్ అను నాయన 2011లో వెలువరించిన రూఫస్ మన విద్యార్థులలో బాగుగా ప్రచారము పొందినది. 2020లో వచ్చిన వెంటాయ్ అను సాధనముతో ఒక్కసారి సిద్ధము చేసిన పెన్ డ్రైవులో మాత్రము ఐఎస్ఓ ఫైళ్ళను మామూలుగా కాపీ చేసినను చెల్లును. నలుగురు కలిసి ఒక గదిలో నుండువారికి, నాలుగు వ్యవస్థలను ఒక్క పెన్ డ్రైవులో నుంచుకొనగల ఆ ఉపాయము చాల అనుకూలము.

రూఫస్ వాడువారిని అది ఒక ప్రశ్న యడుగును: ఎంబీఆరా, జీపీటీయా? పెక్కుమంది ఆ ప్రశ్నను చదువకయే దాటిపోదురు; పెక్కు చిక్కులకు అదియే మూలము. వీనిలో మొదటిది సామాన్యముగా పాత బయాస్‌కును, రెండవది యూఈఎఫ్ఐకిని తగిన అమరిక. పాత బయాస్ పెన్ డ్రైవు మొదటి 512 బైట్లను మాత్రమే చదివి, వాని చివరి రెండు బైట్లలో 55, ఏఏ అను గుర్తులున్నచో, ఆ 512లో నున్న ఆదేశములకు కన్నులు మూసికొని అధికారము నిచ్చును. యూఈఎఫ్ఐ అట్లు చేయదు. అది పెన్ డ్రైవులోని ఫాట్32 విభాగమును తెఱచి, ఈఎఫ్ఐ అను ఫోల్డరులోని బూట్ అను ఫోల్డరులో, బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అను ఫైలును వెదకును. అది యున్నచో పిలుచును, లేనిచో ఆ పెన్ డ్రైవును జాబితాలో చూపనైన చూపదు. కాబట్టి పాత బయాస్ మాత్రమే గల యంత్రమునకు యూఈఎఫ్ఐ పద్ధతిలో సిద్ధము చేసిన పెన్ డ్రైవును పెట్టినను, కేవల యూఈఎఫ్ఐతో నడచు క్రొత్త యంత్రమునకు పాత పద్ధతిలో సిద్ధము చేసిన దానిని పెట్టినను, ఒకరి భాష యొకరికి తెలియక ఇరువురును మౌనము వహింతురు. ఉబుంటూ, డెబియన్ వంటివారు తమ ఐఎస్ఓలను రెండు విధముల యంత్రములకును పనికివచ్చునట్లు కూర్చుచున్నారు గనుక, రూఫస్‌లో డీడీ పద్ధతిని ఎంచుకొని ప్రతిబింబమును ఉన్నదున్నట్లుగా వ్రాయించుట వీనికి క్షేమము. విండోస్ ఐఎస్ఓకు ఆ డీడీ పద్ధతి పనికిరాదు. పైగా విండోస్ ఇన్‌స్టాలరులో ఇన్‌స్టాల్.విమ్ అను నొక్క ఫైలే పలుమాఱులు నాలుగు గిగాబైట్లను మించుచున్నది. ఫాట్32లో అంతకు మించిన ఫైలు పట్టదు. అందుచేత చేత్తో కాపీ చేయువారికి ఆ ఫైలొక్కటి రాకపోవుటయు, మేలుకొన్న ఇన్‌స్టాలరు సగములో మొరాయించుటయు సంభవించును. రూఫస్ దీనికై వేఱొక ఏర్పాటు చేసికొనును, మనము చింతింప నక్కఱలేదు.

పెన్ డ్రైవు నాసిదైనచో ఇదియంతయు వ్యర్థము. పైని 64 గిగాబైట్లని అచ్చువేసి, లోపల ఎనిమిదింటికి మించని సరుకు అమ్మబడుట కద్దు. వ్రాయునప్పుడు అది అంతటిని స్వీకరించినట్లే నటించి, చదువునప్పుడు చేతులెత్తును. సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటిచోట్ల బిల్లుతో కొనుట, రోడ్డు ప్రక్క సగము ధరకు కొనుటకంటె చివరకు చవుక. దింపుకొన్న ఐఎస్ఓ సరిగా దిగినదా లేదా యనుటకు, ప్రచురణకర్తలు ఇచ్చు ఎస్‌హెచ్ఏ-256 సంఖ్యను మన ఫైలు సంఖ్యతో పోల్చిచూచు పద్ధతి కలదు. అరువది నాలుగు అక్షరములను పోల్చుట విసుగు పుట్టించు పనియే. అయినను సెల్‌ఫోను హాట్‌స్పాటుపై రాత్రియంతయు దింపిన ఫైలు విషయమున ఆ విసుగును భరింపవలసినదే.

ఇక దోషము యంత్రమున నున్నదనుకొందము. పెన్ డ్రైవు మంచిదే, మిత్రుని యంత్రమున మేలుకొన్నది, మనదానియందు మాత్రము విండోస్ వచ్చుచున్నది. అప్పుడు యంత్రమునకు మన కోరిక తెలియలేదని భావింపవలయును. పవరు నొక్కిన వెంటనే బూట్ మెనూ కీని తట్టుచుండవలెను. ఆ కీ ఒక్కొక్క కంపెనీ కొక్కొక్కటి. డెల్ యంత్రములలో ఎఫ్ 12. హెచ్‌పీలో మొదట ఎస్కేపు, పిదప ఎఫ్ 9. లెనోవోలో ఎఫ్ 12. కొన్ని నమూనాలలో ప్రక్కన చిన్న రంధ్రములో సూదితో నొక్కవలసిన నోవో బొత్తాము. ఏసస్ ల్యాప్‌టాపులలో ఎస్కేపు. ఏసర్‌లో ఎఫ్ 12 అయినను, మొదట ఎఫ్ 2 నొక్కి లోనికి పోయి ఆ ఎఫ్ 12 సౌకర్యమునకు అనుమతి నీయవలసి యుండును. ఒకే పనికి ఇన్ని విధములైన కీలను నియమించుటకు ఏ సమర్థనయు నాకు కానరాదు. కొనువారిని దృష్టిలో నుంచుకొన్నవారు చేయదగిన పని కాదిది.

కీ తెలిసినను అది పనిచేయకపోవుటకు ఒక గూఢకారణము కలదు. విండోస్ 8 మొదలుకొని, షట్ డౌన్ నొక్కినప్పుడు యంత్రము పూర్తిగా ఆఱిపోదు. ఫాస్ట్ స్టార్టప్ అను సౌకర్యము విండోస్ మూలభాగమును డిస్కుపై భద్రపఱచుకొని, మఱునాడు దానినే తిరిగి తెచ్చుకొనును. బయాస్‌లోని ఫాస్ట్ బూట్ అను మఱియొక అమరిక, త్వరపాటు కొఱకై, యూఎస్‌బీ ద్వారములను పరిశీలింపకయే ముందునకు పోవును. కీబోర్డును కూడ అది అప్పటికి పట్టించుకొననందున మనము ఎఫ్ 12ను ఎంత తట్టినను వ్యర్థము. ఇందులకు సులభోపాయము కీలతో కుస్తీ మాని, విండోస్‌ను పనికి పురికొల్పుట: షిఫ్టు కీని పట్టుకొని రీస్టార్ట్‌ను నొక్కినచో ఒక నీలిరంగు పట్టిక వచ్చును, అందులో ‘యూజ్ ఎ డివైస్’ అను దానిని ఎంచుకొని పెన్ డ్రైవు పేరును చూపినచో, యంత్రము తానే దానినుండి మేలుకొనును. కొన్ని యంత్రములలో ఆ మాట కనబడదు. అట్టియెడ ఆ పట్టికనుండియే యూఈఎఫ్ఐ అమరికలలోనికి పోవు మార్గము సామాన్యముగా నుండును. డెస్క్‌టాపు గలవారు ముందువైపు ద్వారమును విడిచి, వెనుక నేరుగా మదర్ బోర్డుపై నున్న ద్వారమును వాడుట మంచిది. యూఎస్‌బీ హబ్బులను తొలగింపుడు.

‘సెక్యూరిటీ వయొలేషన్’ అని వచ్చినవారి విషయము వేఱు. 2012లో విండోస్ 8తో వ్యాప్తిలోనికి వచ్చిన సెక్యూర్ బూట్ అను ఏర్పాటు ప్రకారము, తాను గుర్తించిన సంతకము లేని బూట్ లోడరునకు యూఈఎఫ్ఐ అధికారము నీయదు. ఉబుంటూ, ఫెడోరా, డెబియన్ మున్నగునవి మైక్రోసాఫ్టు సంతకము పొందిన షిమ్ అను చిన్న ప్రోగ్రామును ముందుంచుకొనుచున్నవి గనుక వానికి సామాన్యముగా నిషేధము లేదు. కాని 2024 ఆగస్టులో వచ్చిన యొక విండోస్ సవరణ, పాత షిమ్‌లను అనర్హములుగా నిర్ణయించినందున, అంతకు పూర్వము చేసిపెట్టుకొన్న పెన్ డ్రైవులు కొన్ని ఒక్కసారిగా తిరస్కృతములైనవి. దానికి మందు క్రొత్త ఐఎస్ఓను దింపుకొనుట. సెక్యూర్ బూట్‌ను తీసివేయుట మొదటి మాటగా ఉపదేశించువారితో నేను ఏకీభవింపను. తీసివేయక తప్పనిచో, అంతకుముందు విండోస్‌లో డిస్కునకు తాళమువేయు బిట్‌లాకర్ ఉన్నదేమో చూచుకొనుడు. క్రొత్త ల్యాప్‌టాపులలో అది కొనినవారి కెఱుకలేకయే ప్రారంభమై యుండుట గలదు. సెక్యూర్ బూట్‌ను మార్చిన వెంటనే అది 48 అంకెల రికవరీ కీని అడుగును. ఆ కీ మైక్రోసాఫ్టు ఖాతాలోనో కాగితముపైననో లేనివారి థీసిస్, ఫొటోలు, సర్టిఫికెట్ల ప్రతులు అన్నియు ఆ తాళములోనే యుండిపోవును. ముందుగా కీని వ్రాసికొనుడు. దీనికంటె ముఖ్యమైన మాట ఈ ప్రసంగములో లేదు.

ఇన్‌స్టాలరు పట్టిక కనబడి, ఎంచుకొన్న తరువాత తెఱ నల్లబడినచో, బయాస్‌ను నిందింపరాదు. అది తన పనిని పూర్తిచేసి అధికారమును అప్పగించినది. అచ్చట సాధారణముగా దోషి చిత్రమును తెఱపైకి పంపు గ్రాఫిక్స్ విభాగము, విశేషించి ఎన్‌విడియా కార్డులు గల యంత్రములలో. పట్టికయందే ఈ అను అక్షరమును నొక్కి, లినక్స్ అను మాటతో మొదలగు పంక్తి చివర నోమోడ్‌సెట్ అను పదమును చేర్చి, ఎఫ్ 10 నొక్కినచో పెక్కుసారులు తెఱ వెలుగును. ఉబుంటూలో సేఫ్ గ్రాఫిక్స్ అను మాటకును అర్థ మిదియే.

మఱికొన్నిచోట్ల అన్నియు సవ్యముగా నడచి, డిస్కును ఎంచుకొను ఘట్టమున ఇన్‌స్టాలరు పెన్ డ్రైవును తప్ప వేఱొక డిస్కును చూపదు. ఇంటెల్ వారి ర్యాపిడ్ స్టోరేజ్ లేక వీఎండీ అను అమరిక డిస్కును మఱుగుపఱచుటయే దీనికి హేతువు. దానిని ఏహెచ్‌సీఐ అను సాధారణ పద్ధతికి మార్చినచో డిస్కు కనబడును. అయితే పాత విండోస్‌ను ఉంచుకొనదలచినవారు, మార్చుటకు ముందే దానిని సేఫ్ మోడ్‌లో మేల్కొనునట్లు ఏర్పాటు చేయవలెను, లేనిచో ఆ విండోస్ నీలితెఱపై నిలిచిపోవును. విండోస్‌ను పూర్తిగా తుడిచివేయువారికి ఈ జాగ్రత్త యక్కఱలేదు.

ఇన్‌స్టాలరు తెఱచుకొన్న పిదప భాషల పట్టికను ఒకమాఱు చూడుడు. డెబియన్ వారి ఇన్‌స్టాలరులో తెలుగు కలదు. అయితే బొమ్మలతో నడచు గ్రాఫికల్ ఇన్‌స్టాల్‌ను ఎంచుకొన్నవారికే అది కనబడును, అక్షరములు మాత్రమే గల పద్ధతిలో మన గుణింతములను చూపు శక్తి లేనందున పట్టికలో మన భాష పేరైనను ఉండదు. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అను సంస్థవారు లినక్స్‌ను తెలుగులోనికి తెచ్చుటకు ఏండ్లతరబడి కృషిచేసియున్నారు. మెనూలలో కనబడు తెలుగు మాటలు అట్టి స్వచ్ఛంద సేవకుల చేతిపని. కొన్ని మాటలు కృత్రిమముగ తోచవచ్చును. నచ్చనివారు మంచి మాటలను సూచించి పంపుటకు మార్గము తెఱచియే యున్నది.

అంతయు ముగిసిన పిమ్మట యంత్రము పెన్ డ్రైవును తీసివేసి ఎంటరు నొక్కుమని చెప్పును. అది వినక పెన్ డ్రైవును అట్లే యుంచినవారికి ఇన్‌స్టాలరు మరల మొదటినుండి ప్రత్యక్షమగును. ప్రతిష్ఠాపనము విఫలమైనదని భ్రమించి కొందఱు రెండవసారియు అంతటిని చేయుదురు. పెన్ డ్రైవును తీసి మరల ప్రారంభించినచో క్రొత్త వ్యవస్థ వచ్చును. అప్పుడును విండోసే వచ్చినయెడల బూట్ క్రమములో ఉబుంటూ లేక డెబియన్ అను పేరును పైకి జరుపుడు.